నటాషా అట్లాస్: పన్నెండు మెట్ల యంత్రం, మధ్యలో పలికే గొంతు

ఈజిప్టు మూలాలున్న బెల్జియం గాయని నటాషా అట్లాస్ పేరు వచ్చినప్పుడల్లా "తూర్పు పడమరలను కలిపిన గొంతు" అని ఒక మాట అనేసి ఊరుకుంటారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ దానివల్ల ఆమె పాట గురించి ఒక్క ముక్క కూడా తెలియదు. అరబిక్ గానాన్ని ఎలక్ట్రానిక్ సంగీతంతో కలపడంలో పెద్ద చిక్కు స్వరస్థానాల దగ్గరా, తాళం దగ్గరా ఉంది. సింథసైజర్‌కి మామూలుగా తెలిసింది పన్నెండు స్వరాలే, డ్రమ్ మెషీన్‌కి తెలిసింది సమానంగా కోసిన పదహారు ముక్కలే. అరబిక్ పాట ఈ రెండింటి మధ్య ఖాళీల్లో బతుకుతుంది. 1991 నుంచి 2019 దాకా ఆమె చేసిన రికార్డులన్నీ ఈ ఒక్క చిక్కుకి ఒక్కోసారి ఒక్కో రకంగా వెతుక్కున్న జవాబులు అనుకుని వింటే, ఎందుకు ఒక ఆల్బమ్ అంత గట్టిగా నిలబడింది, ఇంకొకటి ఎందుకు చెదిరిపోయింది అన్నది తేలిగ్గా అర్థమవుతుంది.

ముందు ఆ స్వరాల సంగతి. అరబిక్ సంగీతంలో రాగాల్లాంటివాటిని మకామ్‌లు అంటారు. వాటిలో కొన్ని మన చెవికి ఏమాత్రం కొత్త కావు. హిజాజ్ అనే మకామ్ తీసుకుంటే దాని కింది నాలుగు స్వరాలు దాదాపుగా మాయామాళవగౌళలో స రి గ మ లాంటివే, అంటే కర్ణాటక సంగీతం నేర్చుకోవడానికి కూర్చున్న ప్రతి పిల్లా మొదటి రోజు సరళీ వరుసల్లో పాడేవే. పై సగంలో కైశికి నిషాదం పెట్టుకుంటే వకుళాభరణం దగ్గరికి వచ్చేస్తుంది. ఇలాంటి మకామ్‌లతో కీబోర్డుకి పేచీ లేదు, ఉన్న మెట్ల మీదే పలుకుతాయి. పేచీ అంతా రాస్త్, బయాతీ లాంటి వాటితోనే. రాస్త్‌లో గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో ఉంటుంది. బయాతీలో రిషభం శుద్ధ రిషభానికీ చతుశ్రుతి రిషభానికీ మధ్యలో నిలుస్తుంది. మామూలు కీబోర్డు మీద అక్కడ మెట్టే లేదు. పైగా ఇవి అరుదుగా వాడే మకామ్‌లు కూడా కావు, ఈజిప్టులో పెళ్లి పాట నుంచి ఖురాన్ పారాయణం దాకా అన్నిచోట్లా వినిపించేవి. వాటిని పక్కన పెట్టి హిజాజ్ ఒక్కదాన్నే పట్టుకుంటే వచ్చేది ఎడారి సీన్ల నేపథ్య సంగీతం. చాలామంది సంగీత దర్శకులు చేసేది అదే.

ఈ గొడవ లండన్ క్లబ్బుల్లో పుట్టింది కూడా కాదు. 1932లో కైరోలో అరబ్ సంగీత మహాసభ జరిగినప్పుడే పియానోని అరబిక్ సంగీతంలోకి రానివ్వాలా వద్దా అని పెద్ద పెద్దవాళ్లు వాదించుకున్నారు. బార్తోక్, హిండెమిత్ లాంటి యూరప్ సంగీతకారులు కూడా ఆ సభకి వెళ్లారు. సరిగ్గా ఇలాంటి కారణంతోనే మన దగ్గర ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంని బయట పెట్టింది, ముప్పై ఏళ్లు దాటాక 1971లో గానీ మళ్లీ తలుపు తియ్యలేదు. గమకం పలకని వాయిద్యం గొంతుని చెడగొడుతుందని ఆ రోజుల్లో చాలామంది నమ్మారు. ఇక ఎలక్ట్రానిక్ సంగీతం విషయానికొస్తే, కైరోలో హలీమ్ అల్ దబ్ అనే యువకుడు 1944లోనే రేడియో స్టేషన్ నుంచి తీగ మీద శబ్దం పట్టే రికార్డర్ అడిగి తెచ్చుకుని, జార్ అనే స్త్రీల పూజా తంతుని రికార్డు చేసి, స్టూడియోలో ఆ శబ్దాన్ని సాగదీసి, ప్రతిధ్వనులు పెట్టి ఒక కొత్త రచన చేశాడు. ప్యారిస్‌లో పియెర్ షేఫర్ అనే ఫ్రెంచ్ సంగీతకారుడు ఇలాంటి పని మొదలుపెట్టింది 1948లో. 1964లో ఈజిప్టు మహాగాయని ఉమ్ కుల్సూమ్ పాడిన "ఇంత ఉమ్రీ"లో స్వరకర్త మొహమ్మద్ అబ్దుల్ వహాబ్ ఎలక్ట్రిక్ గిటార్ పెట్టించాడు. కాబట్టి అరబ్బులు పాత వాయిద్యాలు పట్టుకుని కూర్చుంటే ఎవరో పడమర నుంచి వచ్చి కరెంటు తెచ్చిపెట్టారన్న కథ వట్టి అబద్ధం.

నటాషా అట్లాస్ పుట్టింది కూడా ఆ 1964లోనే, బెల్జియంలో. తండ్రి వైపు ఈజిప్టు మూలాలు, తల్లి ఇంగ్లీషావిడ. పెరిగింది బ్రసెల్స్‌లోని స్కార్బెక్‌లో. మొరాకో నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఎక్కువగా ఉండే పేట అది, బెల్జియం గాయకుడు జాక్ బ్రెల్ పుట్టిన చోటు కూడా. అమ్మానాన్నలు విడిపోయాక తల్లితో ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్ వెళ్లింది. తర్వాత కొన్నేళ్లు అటూ ఇటూ తిరిగింది. బ్రసెల్స్‌లో అరబ్, టర్కిష్ నైట్‌క్లబ్బుల్లో పాడేది, నాట్యం చేసేది, కొన్నాళ్లు ఒక సాల్సా బ్యాండులోనూ ఉంది. ఈ నైట్‌క్లబ్బు చదువు మామూలుది కాదు. అక్కడికి వచ్చే జనం పాత పాటలన్నీ గుండెల్లో పెట్టుకున్నవాళ్లు, మాట్లాడుకుంటూ తింటూ కూర్చున్నవాళ్లని గొంతుతో ఇటు తిప్పుకోవాలి, ఎప్పుడు సాగదీయాలో ఎప్పుడు తెంపాలో ఎదుటివాళ్ల మొహం చూసి తెలుసుకోవాలి. స్టూడియోలో యంత్రం ముందు నిలబడేసరికి ఆమె దగ్గర ఉన్న పెట్టుబడి ఇదే.

1991 ఆమెకి కలిసొచ్చిన సంవత్సరం. లోకా అనే గుంపుతో చేసిన డాన్స్ రికార్డు వచ్చింది, అదే ఏడాది జా వాబుల్ "రైజింగ్ అబవ్ బెడ్‌లామ్" ఆల్బమ్‌లో ఆమె పాడింది, పాటల రచనలోనూ పాలు పంచుకుంది. బ్రిటన్‌లో ఏటా ఒక ఆల్బమ్‌కి ఇచ్చే మర్క్యురీ బహుమతి మొదలైన 1992లోనే ఆ ఆల్బమ్ తుది జాబితాకి ఎక్కింది. వాబుల్ మొదట పంక్ తర్వాతి కాలపు బ్యాండు పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్‌లో బేస్ వాయించినవాడు, జమైకా డబ్ సంగీతమంటే ప్రాణం. ఇక్కడ డబ్ అన్నది చాలా ముఖ్యమైన ముక్క. పాప్ పాటలో ప్రతి రెండు మూడు సెకన్లకీ ఒక కార్డ్, అంటే ఒకేసారి మోగే కొన్ని స్వరాల కట్ట, మారుతుంది, గొంతు ఆ కార్డ్‌లో ఇమిడే స్వరమే పలకాలి, లేకపోతే అపశ్రుతిలా వినిపిస్తుంది. డబ్‌లో అలా కాదు. ఒకే షడ్జం చుట్టూ బేస్ బరువుగా తిరుగుతూ ఉంటుంది, పైన అంతా ఖాళీ, ఆ ఖాళీలో ప్రతిధ్వని. ఆ ఖాళీలోకి మకామ్ హాయిగా వచ్చి కూర్చోగలదు, ఎందుకంటే అక్కడ గాంధారం ఎక్కడ పలకాలని అదిలించే కార్డ్ ఏదీ లేదు. తంబురా శ్రుతి మీద ఆలాపన చేసేవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అరబిక్ గొంతు ఎలక్ట్రానిక్ సంగీతంలోకి డబ్ తలుపు గుండా రావడం యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పొచ్చు. అప్పటి లండన్‌లో ఆమెకి సరిపడే తలుపు అదొక్కటే.

అలా ఆమె ట్రాన్స్‌గ్లోబల్ అండర్‌గ్రౌండ్ అనే బృందంలోకి వచ్చిపడింది. ఈ బృందం రికార్డులు వేసిన నేషన్ రికార్డ్స్ సంస్థని నడిపినవాళ్లలో ఒకరు అకీ నవాజ్, బ్రిటన్‌లో పెరిగిన పాకిస్తానీ కుటుంబం కుర్రాడు. ఏషియన్ డబ్ ఫౌండేషన్ లాంటి బ్యాండ్లకి కూడా మొదట్లో అండ ఆ సంస్థే. అంటే ఇదంతా ఎవరో పెద్ద కంపెనీ వాళ్లు కూర్చుని వేసిన పథకం కాదు, వలస వచ్చిన కుటుంబాల పిల్లలు తమ ఇళ్లలో విన్నదాన్నీ తమ వీధిలో విన్నదాన్నీ ఒకే రికార్డులో వినాలనుకున్న ఆరాటం. ట్రాన్స్‌గ్లోబల్ వాళ్ల 1993 ఆల్బమ్ "డ్రీమ్ ఆఫ్ 100 నేషన్స్"లో ఈ ఆరాటం పొంగిపొర్లుతుంది. శబ్దపు ముక్కలని (సాంపుల్స్) పట్టి మళ్లీ పలికించే సాంప్లర్‌లో దొరికిన ప్రతి దేశం శబ్దమూ అందులో ఉంటుంది. ఉత్సాహంగా వినొచ్చు, కానీ అంత రద్దీలో ఆమె గొంతు చాలా చోట్ల ఇంకో సాంపుల్‌లా వచ్చి పోతుంది. పాడేవాళ్లు ఒక మనిషి అన్న స్పృహ కలగాలంటే రద్దీ తగ్గాలి.

తగ్గింది 1995లో, ఆమె సొంత ఆల్బమ్ "డయాస్పోరా"తో. వాయించిందీ, రికార్డు చేయడంలో తోడున్నదీ చాలావరకు ట్రాన్స్‌గ్లోబల్ వాళ్లే. కానీ మధ్యలో నిలబడింది మాత్రం గొంతు. "లేష్ నత్ఆరక్" పాటని దగ్గరగా వినండి. మనలో మనకి ఈ కొట్లాట దేనికి అని అరబ్బులనూ యూదులనూ ఉద్దేశించి అడిగే పాట అది. బేస్ కింద తనపాటికి తాను నడుస్తుంటే గొంతు తొందరేమీ లేకుండా పైన తిరుగుతుంది.

తాళం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఈజిప్టు పాటల్లో ఎక్కువగా వినబడేది మక్సూమ్ అనే నడక. దర్బుకా అనే చేతి డోలు మీద మధ్యలో కొట్టే బరువైన దెబ్బని దుమ్ అంటారు, అంచు మీద కొట్టే పదునైన దెబ్బని తెక్ అంటారు. ఎనిమిది మాత్రల్లో మక్సూమ్ ఇలా పడుతుంది: దుమ్ తెక్ (ఖాళీ) తెక్ దుమ్ (ఖాళీ) తెక్ (ఖాళీ). కాగితం మీద రాస్తే చాలా సులువు, డ్రమ్ మెషీన్‌లోనూ అరనిమిషంలో పెట్టేయొచ్చు. పెట్టి వింటే మాత్రం కైరో వినబడదు. ఎందుకంటే నిజం దర్బుకా వాయించేవాళ్లు మూడో మాత్ర దగ్గర వదిలిన ఖాళీని పూర్తిగా ఖాళీగా ఉంచరు, అక్కడ వేళ్లతో సన్నగా చిన్న దెబ్బలు రాలుస్తారు, నాలుగో మాత్ర తెక్‌ని వెంట్రుకవాసి ముందుకి తోస్తారు. యంత్రం ఆ తెక్‌ని తన గీత మీదికి లాగేస్తే, దాన్నే స్టూడియోలో క్వాంటైజ్ చేయడం అంటారు, ఊపు చచ్చిపోయి నడక మాత్రం మిగులుతుంది. అందుకే మంచి రికార్డుల్లో మెషీన్ బీట్ కింద ఉండగానే దాని మీద మనిషి వాయించిన దర్బుకా గానీ డఫ్ గానీ పెడతారు. నేల కొలత యంత్రానిది, ఊపు మనిషిది. హైదరాబాద్ పెళ్లిళ్లలో మర్ఫా విన్నవాళ్లకి ఈ తేడా చెవిలో ఉంటుంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బులు తెచ్చిన వాద్యం అది, దాన్నే కీబోర్డులో లూప్ చేసి వాయిస్తే సందడి ఉంటుంది గానీ కాలు కదలదు.

నటాషా రికార్డుల్లో అన్నిటికన్నా గట్టిది 1997 నాటి "హలీమ్" అనిపిస్తుంది. పేరు ఈజిప్టు గాయకుడు అబ్దుల్ హలీమ్ హాఫెజ్‌ది. 1977లో ఆయన పోయినప్పుడు కైరో వీధులు ఎలా పోటెత్తాయో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పేరు పెట్టుకోవడం ఊరికే మొక్కు చెల్లించడం కాదు, ఈ ఆల్బమ్‌లో పని చేసే పద్ధతే మారింది. ఈజిప్టు సంగీతకారుడు ఎస్సామ్ రషాద్ లాంటివాళ్లు పక్కన చేరారు, వయొలిన్ల దండు వచ్చింది. పాశ్చాత్య వాద్యబృందంలో వయొలిన్లు ఒక్కో గుంపు ఒక్కో స్వరం పట్టుకుని కార్డ్‌లు కడతాయి. కైరో పద్ధతిలో అలా ఉండదు, అందరూ ఒకే వరసని కలిసి వాయిస్తారు, ఒకరి జారుడు ఇంకొకరి జారుడుతో పూర్తిగా కలవకుండా అంచుల దగ్గర కొంచెం చెదురుతుంది, ఆ చెదురులోనే దాని తీపి. గాయని ఒక పాదం పాడి ఆపగానే వయొలిన్లు చిన్న జవాబు వాయిస్తాయి, దాన్ని లాజిమా అంటారు. వయొలిన్‌కి మెట్లు లేవు కాబట్టి బయాతీ రిషభం ఎక్కడుండాలో అక్కడే పలుకుతుంది. ఇక్కడ జరిగిన తెలివైన పని ఏమిటంటే, స్వరం పలికే బాధ్యతంతా గొంతుకీ వయొలిన్‌కీ, ఒళ్లో పెట్టుకుని మీటే తీగల వాయిద్యం ఖానూన్‌కీ అప్పగించి, ఎలక్ట్రానిక్స్‌ని బేస్‌కీ బీట్‌కీ పరిమితం చేశారు. యంత్రానికి రానిది యంత్రాన్ని అడగలేదు. చిక్కు విప్పిన తీరు ఇంత సూటిగా ఉన్నందుకే ఆ ఆల్బమ్ ఈ రోజుకీ పాతబడలేదు, ఆ కాలపు డాన్స్ రికార్డుల్లో సగం ఇప్పుడు వినలేకపోతున్నా సరే.

జనంలోకి బాగా వెళ్లింది మాత్రం తర్వాతి ఆల్బమ్, 1999 నాటి "గెదీదా". అందులో "మోనామీ లా రోజ్" అనే పాట ఉంది. 1964లో ఫ్రాన్సువాజ్ ఆర్డీ పాడిన ఫ్రెంచ్ పాట అది, ఒక్క రోజులో విచ్చుకుని వాడిపోయే గులాబీ తన సంగతి చెప్పుకునే పాట. నటాషా అందులోని ఫ్రెంచ్ మాటలని అలాగే ఉంచింది, చుట్టూ ఉన్నదాన్ని మార్చింది. ఆర్డీ మామూలుగా పక్కన కూర్చుని చెప్పినట్టు పాడిన పాదాలని ఈమె అరబిక్ పద్ధతిలో చివర్లు సాగదీసి, మెలికలు పెట్టి పాడుతుంది. ఫ్రెంచ్ భాషలో మాట చివరి అచ్చు మీద బరువు పడుతుంది కాబట్టి ఆ మెలికకి సరిగ్గా చోటు దొరుకుతుంది. ఫ్రాన్స్‌లో ఈ పాట బాగా ఆడింది. ఆ దేశంలో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి, ఖాలెద్, రషీద్ తాహా లాంటి అల్జీరియా మూలాలున్న గాయకుల వల్ల అరబిక్ పాట రేడియోలో అప్పటికే అలవాటు. అయినా అందరికీ తెలిసిన ఒక ఫ్రెంచ్ పాటని అరబిక్ గొంతు తన సొంతం చేసుకుని పాడటం, దాన్ని జనం మెచ్చుకోవడం చిన్న విషయం కాదు. అరబిక్ పాటకి ఫ్రెంచ్ బీట్ పెట్టడం ఒక దారి, ఇది దానికి సరిగ్గా ఎదురు దారి.

ఈ దారిలోనే 2001లో "ఆయెష్తేనీ" వచ్చింది. అందులో జాక్ బ్రెల్ పాట "న మ కిత్ పా" ఉంది. తను పెరిగిన పేటలోనే పుట్టిన మనిషి పాట కాబట్టి దాని మీద ఆమెకి వేరే ఎవరికీ లేని హక్కు ఉన్నట్టే. నన్ను వదిలి వెళ్లకు అని బతిమాలే పాట, కైరోలో ఇలాంటి పాటలకి కొదవే లేదు, అందుకే అంత తేలిగ్గా అటు ఒదిగింది.

ఇదే కాలంలో ఇతరుల రికార్డుల్లోనూ ఆమె గొంతు గట్టిగా తిరిగింది. సినిమా సంగీత దర్శకుడు డేవిడ్ ఆర్నాల్డ్ 1997లో జేమ్స్ బాండ్ పాటలు కొన్ని వేరే గాయకులతో పాడించినప్పుడు "ఫ్రమ్ రష్యా విత్ లవ్" ఆమెకి దక్కింది. ఫ్రాన్స్ ఎలక్ట్రానిక్ సంగీతంలో పెద్ద పేరైన జాన్ మిషెల్ జార్ తన 2000 నాటి ఆల్బమ్‌లో "సే లా వీ" ఆమెతో పాడించాడు. 2003లో వచ్చిన "హల్క్" సినిమాకి డానీ ఎల్ఫ్‌మన్ చేసిన నేపథ్య సంగీతంలో వినబడే ఆడ గొంతు ఆమెదే. సంపాదనకీ పేరుకీ ఇవన్నీ మంచివే, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ ఏళ్లలో హాలీవుడ్‌కి ఒక అలవాటు పడింది. తెర మీద ఇసుకో యుద్ధమో విషాదమో కనబడగానే వెనక ఒక ఆడ గొంతు మాటల్లేకుండా తీగలు తీస్తూ ఏడుస్తుంది, దాదాపు ఎప్పుడూ హిజాజ్‌లోనే. అందులో మాట ఉండదు, మనిషి ఉండదు, అరబిక్ అనే వాసన మాత్రం ఉంటుంది. పదాలని స్పష్టంగా పలికి, ప్రతి పాదానికీ ఒక అర్థం ఉన్నట్టు పాడే గాయనిని ఇలా వాసన కోసం వాడుకోవడం అన్యాయం, ఆమె ఒక్కదాని విషయంలోనే కాదు, ఆ పద్ధతిలో పాడిన గాయనులందరి విషయంలోనూ.

2003 నాటి "సమ్‌థింగ్ డేంజరస్" దగ్గర దారి చెదిరింది. ఆర్ అండ్ బీ, డాన్స్‌హాల్, ఆర్కెస్ట్రా, ఐర్లండ్ గాయని సినేడ్ ఒకానర్ లాంటి అతిథులు, ఇంగ్లీషు పాటలు, అన్నీ ఒకేచోట. ఒక్కో పాట విడిగా వింటే కొన్ని బాగున్నాయి. కానీ ఆర్ అండ్ బీలో కార్డ్‌లు గంపెడుంటాయి, ప్రతి పాదానికీ గొంతు ఎక్కడ దిగాలో అవి ముందే నిర్ణయిస్తాయి, అందుకే ఆ పాటల్లో ఆమె తన సొంత మెలికలని కుదించుకుని పాడినట్టు వినిపిస్తుంది. చిక్కు మళ్లీ మొదటికొచ్చింది. 2006లో "మిష్ మావూల్" కోసం ట్రాన్స్‌గ్లోబల్ రోజుల నాటి నేస్తం నిక్ పేజ్, కౌంట్ డుబులా అనే పేరుతో బేస్ వాయించినవాడు, మళ్లీ పక్కన చేరాడు. బ్రెజిల్ బోసా నోవా కూడా అందులోకి వచ్చింది, అది అంత హుషారుగా కలిసిపోవడం చూస్తే పాత స్నేహితుల మధ్య పని ఎంత సులువో తెలుస్తుంది.

ఆ తర్వాత ఆమె చేసింది చాలామంది అభిమానులకి నచ్చలేదు, బీట్ ఎక్కడికి పోయిందని అడిగారు. 2002లోనే మార్క్ ఈగల్టన్‌తో కలిసి చేసిన నెమ్మదైన ఆల్బమ్‌లో దీని సూచన కనబడింది, అందులో సిరియా ఖానూన్ కళాకారుడు అబ్దుల్లా ఛాదే వాయించాడు. 2008 నాటి "అనా హీనా"లో మాత్రం ఎలక్ట్రానిక్స్‌ని దాదాపు పూర్తిగా పక్కన పెట్టేశారు. మజీకా అనే చిన్న వాద్యబృందం, హార్వీ బ్రో సంగీత నిర్వహణ, అబ్దుల్ హలీమ్ పాట, లెబనాన్ గాయని ఫైరూజ్ పాటలు, అమెరికా గాయని నీనా సిమోన్ పాడిన పాత జానపదం. 2010 నాటి "మౌన్‌ఖలిబా"లో ఈజిప్టు మూలాలున్న వయొలిన్ కళాకారుడు సామీ బిషాయ్ తోడయ్యాడు, జాజ్ పియానో వచ్చింది, రవీంద్రనాథ్ టాగోర్ కవిత్వం ప్రేరణగా నిలిచింది, ఇంగ్లీషు గాయకుడు నిక్ డ్రేక్ పాట ఒకటి కూడా అరబిక్ ఛాయలో మెరిసింది. బీట్ తీసేయడాన్ని వెనకడుగు అనుకోవడం తొందరపాటే. పదిహేనేళ్లు యంత్రం పక్కన పాడినవాళ్లకి యంత్రం ఏం ఇస్తుందో, ఏం లాక్కుంటుందో బాగా తెలుస్తుంది. "అనా హీనా"లో ఆమె పాదాల మధ్య తీసుకునే విరామాలు ఒకదానికొకటి సమానంగా ఉండవు, డ్రమ్ మెషీన్ ఉన్న పాటలో అలాంటి విరామం కుదిరే పనే కాదు.

2015 నాటి "మిరియడ్ రోడ్" ఈ మొత్తం కథలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన ఆల్బమ్. దాన్ని నిర్మించింది ఇబ్రహీం మాలూఫ్, లెబనాన్‌లో పుట్టి ఫ్రాన్స్‌లో పెరిగిన ట్రంపెట్ కళాకారుడు. మామూలు ట్రంపెట్‌కి మూడు వాల్వులుంటాయి, వాటితో పన్నెండు స్వరాలు పలుకుతాయి. ఇబ్రహీం తండ్రి నసీమ్ మాలూఫ్ దానికి నాలుగో వాల్వు పెట్టించాడు, అది నొక్కితే స్వరం పావు టోన్ (కీబోర్డు మెట్టులో సగం) దిగుతుంది, అంటే రాస్త్ గాంధారమూ బయాతీ రిషభమూ ట్రంపెట్ మీద నిక్కచ్చిగా పలుకుతాయి. 1932లో కైరో సభలో పియానో గురించి అడిగిన ప్రశ్నకి ఒక ఇంట్లో తండ్రి వాయిద్యాన్నే మార్చి జవాబిచ్చాడు, కొడుకు ఆ వాయిద్యం పట్టుకుని జాజ్‌లోకి వెళ్లాడు. ఆల్బమ్ నిండా జాజే, పియానో కార్డ్‌లు కూడా ఉన్నాయి, అయితే ఇక్కడ కార్డ్ గొంతుని అదిలించదు, పక్కకి తప్పుకుని ఆమె దిగేదాకా ఆగుతుంది. ఇద్దరూ ఒకే చిక్కుతో పెరిగినవాళ్లు కావడం వల్ల కుదిరిన పని ఇది.

2019లో సామీ బిషాయ్‌తోనే "స్ట్రేంజ్ డేస్" వచ్చింది. "సమ్‌థింగ్ డేంజరస్"లో పాడిన జేమ్స్ బ్రౌన్ పాట "ఇట్స్ ఎ మ్యాన్స్ వరల్డ్" ఇందులో మళ్లీ పాడింది. పదహారేళ్ల తేడాతో ఒకే గొంతు, ఒకే పాట, కాబట్టి రెండూ వెంటవెంటనే వినడం మంచిది. మొదటిసారి పాటకి తగ్గట్టు గొంతు సర్దుకుంది, రెండోసారి గొంతుకి తగ్గట్టు పాట సర్దుకుంది.

ఈ మధ్యలో యంత్రం వైపు కూడా కదలిక వచ్చింది. ఈ పావు టోన్ పలికించే క్వార్టర్ టోన్ బటన్లున్న కీబోర్డులు అరబ్ దేశాల పెళ్లి బ్యాండ్లలో ఎప్పటి నుంచో ఉన్నాయి, స్టూడియో సాఫ్ట్‌వేర్ మాత్రం పన్నెండు మెట్లనే పట్టుకు వేలాడింది. ఇరాకీ మూలాలున్న సంగీతకారుడు ఖయ్యామ్ అల్లామీ దీన్నే నిలదీశాడు. సాఫ్ట్‌వేర్ తెరవగానే ముందుగా వచ్చే శ్రుతి అందరిదీ అన్నట్టు పెడతారు, నిజానికి అది ఒక్క ఖండానిది అని వాదించి, 2021లో లైమ్మా, అపోటోమ్ అనే రెండు పనిముట్లని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టాడు. వాటిలో ఎవరికి కావాల్సిన శ్రుతి వాళ్లు కట్టుకుని సింథసైజర్‌కి పంపుకోవచ్చు. 2024లో ఏబుల్టన్ లైవ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో శ్రుతి మార్చుకునే వీలు నేరుగా వచ్చింది. కర్ణాటక రాగాలతో ఎలక్ట్రానిక్ సంగీతం చేయాలనుకునే మన కుర్రాళ్లకీ ఇవి నేరుగా పనికొస్తాయి, గమకం సంగతి ఇంకా చేతితోనే తేల్చుకోవాల్సి ఉన్నా, స్వరం నిలిచే చోటు మాత్రం ఇప్పుడు యంత్రం ఒప్పుకుంటుంది. 1995లో "డయాస్పోరా" చేసినప్పుడు లండన్ స్టూడియోలో ఈ వీలు ఇంత తేలిగ్గా లేదు. గదిలో అన్ని పెట్టెలున్నా, ఆ పావు టోన్‌ని సహజంగా పలికినవి నటాషా అట్లాస్ గొంతు, పక్కన వాయించిన తీగ వాద్యాలే.